కంప్యూటరులను కొనుట యొకటి, నెలకొల్పుట యొకటి

పాఠశాలలోనికిని గ్రంథాలయములోనికిని కంప్యూటరు రావచ్చునా, రాకూడదా యను వాదమునకు కాలము చెల్లినది. అది వచ్చినది, వచ్చి నలువది యేండ్లయినది. ఇప్పుడు మన మడుగవలసిన ప్రశ్నలు వేఱు. వచ్చిన యంత్రము ఎవరి పనికై వచ్చినది? దానిని నడపువా రెవరు? అది చెడిననాడు బాగుచేయించు సొమ్ము ఏ పద్దున నున్నది? అందు చేర్చిన విషయము, యంత్రము పాతబడిన పిమ్మట, ఎచ్చటికి పోవును? ఈ నాలుగింటికిని ప్రత్యుత్తరము వ్రాసికొనక పూర్వమే యంత్రములను కొనుట మనలో నొక యాచారమై కూర్చున్నది. ఈ యాచారము దురాచారమనియు, దీనివలన నష్టపడువారు ధనికుల బిడ్డలు గాక పల్లెటూళ్ళ పేదబిడ్డలే యనియు మేము చెప్పబూనితిమి.

గోదావరి మండలమున పుట్టి పెరిగినవారికి దీనిని బోధపఱచుట కష్టము కాదు. కాటనుదొరగారు 1847లో ధవళేశ్వరమున ఆనకట్టపని నారంభించి 1852 నాటికి ముగించిరి. ఆనకట్ట మాత్రము కట్టి ఊరకుండినయెడల నీరు నిలిచియుండెడిదే గాని చేను తడిసియుండెడిది కాదు. పెద్దకాలువలు, వానినుండి పిల్లకాలువలు, పిల్లకాలువలనుండి పంటబోదెలు, నడుమ లాకులు, తూములు, వానిని కనిపెట్టియుండు లస్కరులు, ఇవి యన్నియు కూడినప్పుడే ఈ భూమి సస్యశ్యామల మైనది. అంతటితోను ముగియలేదు. ఆనకట్ట స్థానమున నిప్పుడు బ్యారేజి నిలిచియున్నను, నేటికిని వేసవిలో కాలువలు కట్టివేసి, పూడిక తీసి, గట్లు బాగుచేసి, మరల నీరు వదలుటయే పద్ధతి. నిరుడు నీరు పాఱినది గదా, ఈయేడు పూడిక తీయుట యేల యని యడుగు రైతు మన మండలమున నొక్కడును లేడు. ఇంతటి యనుభవము గల మనమే పాఠశాలలో యంత్రము నుంచి, బోదె త్రవ్వక, లస్కరును నియమింపక, పూడిక తీయింపక, పంట పండలేదని బడిని నిందించుచున్నాము.

జరిగిన చరిత్రను కొంచెము పరికింపుడు. 1984లో భారతప్రభుత్వమువారు క్లాస్ అను పేర నొక పథకమును బెట్టి, దేశమున నెన్నుకొనిన పాఠశాలలకు ఇంగ్లాండున రూపొందిన బి.బి.సి. మైక్రో యంత్రముల నిచ్చిరి. 2004లో మఱియొక పథకము వచ్చెను. 2008 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశములోని అయిదువేల ఉన్నతపాఠశాలలలో కంప్యూటరు గదులు వెలసెను. ఆ యేర్పాటు తీరు వినదగినది. ప్రైవేటు సంస్థలు యంత్రములు తెచ్చి, బోధకులను తామే నియమించి, అయిదేండ్లు నడపి, పిమ్మట సమస్తమును ప్రభుత్వమున కప్పగించి పోవలెను. అయిదేండ్లు గడచెను; సంస్థలు తమ దారిని తాము పోయెను. అల్పవేతనములకు పనిచేసిన బోధకులు, తమ యుద్యోగములను నిలుపుడని వేడుకొనుచు వీథులకెక్కిరి. బడికి మిగిలినది గదియు, గదికి మిగిలినది తాళమును.

మేమెఱిగిన యొక పల్లెబడిలో ఆ తాళము తీయుటకు పర్యవేక్షకులు వచ్చు దినమే శుభముహూర్తమై యుండెను. సముద్రపు టుప్పుగాలికి యంత్రముల వెనుకభాగములు తుప్పుపట్టెను. కరెంటు పోయినప్పు డాదుకొనవలసిన బ్యాటరీలు రెండుమూడేండ్లకే ప్రాణము విడిచెను. క్రొత్తవి కొనుటకు పద్దు లేదు. గణితము చెప్పు పంతులుగారును, తెలుగు చెప్పు పంతులమ్మగారును ఆ గదికి చుట్టపుచూపుగ పోయివచ్చువారే గాని, తమ పాఠమున కా గది యెట్లు పనికివచ్చునో వారికి చెప్పినవారు లేరు. లెక్కపుస్తకములో మాత్రము యంత్రములన్నియు క్షేమముగ నుండెను. మేకమెడ చన్నులకును వీనికిని భేదమేమి? అజాగళస్తన న్యాయమునకు మన పండితు లిక వేఱుదాహరణము వెదకుకొన నక్కఱలేదు.

పాతకథ యేల, క్రొత్తకథ చూడుడు. 2022 డిసెంబరు 21వ తేదీన ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు ఎనిమిదవ తరగతి విద్యార్థులకును, వారి ఉపాధ్యాయులకును కలిపి అయిదులక్షలకు పైబడిన ట్యాబుల పంపిణీ నారంభించిరి. అందలి పాఠములు బైజూస్ అను సంస్థవారివి. 2024 జూలైలో ఆ సంస్థపై దివాలా ప్రక్రియ నారంభింప న్యాయాధికరణ ముత్తరువు చేసెను. ఒక సంస్థ లేచుటయు, పడుటయు వర్తకములో సహజమే. దానిని మేము తప్పుపట్టుట లేదు. ఒక రాష్ట్రపు బిడ్డల పాఠమును ఒక వర్తకుని యదృష్టమునకు ముడిపెట్టిన యోచననే మేము తప్పుపట్టుచున్నాము. పాఠ్యపుస్తక మచ్చువేసిన ముద్రాశాల మూతపడినను పుస్తకము మన చేతిలో నుండును. ఏటేట దిద్దవలసిన పాఠమును, దిద్దు నధికారమును పరాధీనమైనచో, చేతిలోని పలక యెంత మెఱసినను అది యెరువు సొమ్మే.

ఇక గ్రంథాలయముల సంగతి. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము ప్రభుత్వపు టుత్తరువులతో పుట్టినది కాదు. తూర్పుగోదావరి కొంకుదురున జన్మించిన అయ్యంకి వేంకటరమణయ్యగారు మున్నగు పెద్దల కృషితో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘ మేర్పడెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువపై పడవలో పుస్తకములను త్రిప్పిరి. ఆ పడవ కేమి మహత్తు గలదు? యంత్రముగ చూచిన నది వట్టి కొయ్యపడవ. కాని యేయే రేవున నిలువవలెనో, ఎవరు పుస్తక మిచ్చి పుచ్చుకొందురో, ఎవరికేమి కావలెనో ముందుగ నెఱిగినవారి చేతిలో నుండుటచేత నది గ్రంథాలయ మైనది. నేటి గ్రంథాలయమున కంప్యూటరు నుంచి, దానిపై గుడ్డ కప్పి, అడిగినవారికి "సిబ్బంది లేరు" అని చెప్పువారు ఆ పడవను తలచుకొని సిగ్గుపడవలెను.

గ్రంథాలయమున కంప్యూటరు చేయదగిన మొదటిపని పట్టిక. చదువరి కోరిన గ్రంథ మున్నదా, ఉన్న నే బీరువాలో నున్నది, ఎవరు తీసికొనిపోయిరి, ఈ మూడును నిమిషములో చెప్పవలెను. ఇది సులభమని తోచును గాని, తెలుగున నిది యెంత పాండిత్యముతో కూడిన పనియో ఆలోచింపుడు. పాశ్చాత్యుల సాఫ్ట్‌వేరు పేరునకు రెండు గడులుంచును: మొదటి పేరు, చివరి పేరు. కందుకూరి వీరేశలింగముగారి యింటిపేరు మొదటనే యున్నది. ఒక గుమాస్తా కందుకూరిని మొదటి గడిలో వ్రాయును, మఱియొకడు చివరి గడిలో వ్రాయును. ఆంగ్లాక్షరములలో వ్రాయబూనిన, వీరేశలింగమునకు ఒకడు రెండు ఇ-అక్షరములను, ఒకడు ఒక ఐ-అక్షరమును వేయును. చివరన మకారముంచువా రొకరు, తీసివేయువా రొకరు. ఇట్లు ఒక్క మహనీయుడు యంత్రములో పలువురై చీలిపోవును. రాజశేఖరచరిత్ర మొకరిదిగను, స్వీయచరిత్ర మింకొకరిదిగను కనబడును. ఇది యంత్రదోషము కాదు. పేరు వ్రాయు నియమమును ముందుగ నిర్ణయింపని మన దోషము.

ఈ దోషమెంత దూరము పోవునో తెలిసికొనుటకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యను మహాప్రయత్నమే నిదర్శనము. ఈ శతాబ్దారంభమున, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునందలి మన తెలుగువారైన రాజ్ రెడ్డిగారు మొదలైనవారి ప్రోత్సాహముతో, బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థయు, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీయు పూని పాతగ్రంథములను పుటపుటకు బింబములు తీయించెను. మన పెద్దలు కాలక్షేపము చేసిన పత్రికలు, ప్రబంధములు, శాస్త్రగ్రంథములు వేలకొలదిగ నట్లు రక్షింపబడినవి. అందులకు మనము ఋణపడియున్నాము. కాని వాని పట్టికను చూచినవారికి కన్నీరు వచ్చును. తెలుగు పేళ్ళన్నియు ఆంగ్లాక్షరములలో, తప్పులతడకగా, గ్రంథకర్త స్థానమున గ్రంథనామము, గ్రంథనామ స్థానమున మఱేదో! బింబము తీయుటకు సొమ్ముండెను; పేరు సరిగ వ్రాయించుటకు తెలుగు వచ్చినవారి నియమించు యోచన చాలలేదు. పదునైదేండ్లు నిండకయే ఆ సంస్థ జాలస్థలము మూతపడెను. ఆ గ్రంథములు నేడు మనకు దొరకుచున్నవన్న, ఇంటర్నెట్ ఆర్కైవ్ అను పరదేశపు ధర్మసంస్థలో వాని ప్రతు లంతకు ముందే చేరియుండుటయే కారణము. ఒక్కచోట దాచిన విద్య దాచినట్లు కాదని మన తాళపత్రముల కాలమునుండి యెఱిగిన జాతికి ఇంతకంటె హెచ్చరిక యేమి కావలెను?

లిపి విషయ మింకొకటి కలదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటికూర్పునందే తెలుగక్షరములకు స్థిరమైన సంఖ్య లేర్పడినవి. అయినను మన అచ్చుకూటములును, కార్యాలయములును చిరకాలము వేఱువేఱు ఫాంటులలో వ్రాయుచు వచ్చినవి. ఆ ఫాంటు లేని యంత్రమున నా వ్రాత పిచ్చిగీతలుగ కనబడును, యంత్రము దానిని తెలుగని గుర్తింపదు, వెదకిన దొరకదు. అట్టి వ్రాతతో తయారైన పట్టిక, తాళముచెవి పోయిన భోషాణము వంటిది. కావున గ్రంథాలయమునకు గాని, కళాశాలకు గాని సాఫ్ట్‌వేరు కొనువారు మొదట నిర్ణయింపవలసినది, అది యూనికోడు తెలుగున వ్రాయించునా, తెలుగున వెదకించునా యను విషయము. రెండవది, మన పట్టికను మనము కోరినప్పుడు బయటకు తీసి వేఱు సాఫ్ట్‌వేరులో పెట్టుకొననిచ్చునా యనునది. న్యూజీలండులో నొక చిన్న గ్రంథాలయసంస్థ తన యవసరమునకై చేయించిన కోహా యను సాఫ్ట్‌వేరు నేడు లోకమంతట ఉచితముగ లభించుచున్నది. మన విశ్వవిద్యాలయములకై ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారు సోల్ అను దానిని చేసిరి. వీనిలో నేది మంచిదను తగవులోనికి మేము పోము. దేనిని కొన్నను బయటికి వచ్చు దారి చూచుకొని లోపలికి పోవలెననియే మా హితవు. విండోస్ ఎక్స్‌పీ వంటి ప్రసిద్ధ సాఫ్ట్‌వేరే 2001లో వచ్చి, 2014 ఏప్రిలుతో తన యజమానుల పోషణమును కోల్పోయెను. గ్రంథము నూరేండ్లుండును, సాఫ్ట్‌వేరు పదేండ్లుండుట గొప్ప.

ఆదికవి నన్నయ పేర 2006లో రాజమహేంద్రవరమున విశ్వవిద్యాలయము వెలసినది. కాకినాడలో సాంకేతిక విశ్వవిద్యాలయ మున్నది. నాళము కృష్ణారావుగారి వంటి వదాన్యుల కృషితో పెరిగిన గౌతమీ గ్రంథాలయ మున్నది. ఊరూర శాఖాగ్రంథాలయములును, వందేండ్లు దాటిన కళాశాలలును ఉన్నవి. 2022 ఏప్రిలులో జిల్లాలు చీలినను గోదావరి యొక్కటే గదా! అమలాపురమున కూర్చున్న విద్యార్థిని, తనకు కావలసిన గ్రంథము రాజమహేంద్రవరమున నున్నదో భీమవరమున నున్నదో తెలిసికొనుటకు ఒక యుమ్మడి పట్టిక యేల యుండరాదు? ఇందులకు కోట్లు వ్యయము చేయ నక్కఱలేదు. పేరు వ్రాయు నియమ మొకటి, తెలుగు చక్కగ వచ్చిన పదిమంది, వారికి రెండేండ్ల జీతము, మూడు వేఱువేఱు తావుల దాచిన ప్రతులు చాలును. క్రొత్త యంత్రములతో నిండిన వంద గదులకంటె ఇట్టి పట్టిక యొకటి మన మండలమునకు మేలు చేయును. కాని పట్టికకు రిబ్బను కత్తిరించు నుత్సవము జరుగదు. కావుననే అది జరుగుట లేదు.

మఱి బడిలో యంత్రము ఎవరికొఱకు? 2022 ఆగస్టులో మన రాష్ట్రమున ఉపాధ్యాయుల హాజరును ముఖచిత్రముతో నమోదుచేయు పద్ధతి వచ్చెను. ఉపాధ్యాయుడు వేళకు రావలెననుటలో వివాదము లేదు. కాని హాజరు, భోజనము, మరుగుదొడ్డి, పుస్తకముల పంపిణీ, ఒక్కొకదానికి నొక్కొక నమోదు అడుగుచు పోయినచో పాఠము చెప్పు వేళ తఱుగును. ఆ సమాచారమంతయు పైకి పోవునే గాని, "నీ తరగతిలో ఈ బాలిక కూడికలలో వెనుకబడినది, ఇట్లు చెప్పి చూడుము" అని క్రిందికి వచ్చు మాట యొకటియు మాకు కనబడలేదు. కాలువ యెప్పుడును ఎగువనుండి దిగువకు పాఱవలెను. దిగువనుండి ఎగువకే పాఱు కాలువను కాలువ యనరు, మురుగుతోడు అందురు.

వల సంగతియు మఱవరాదు. 2022 మే నెలలో అమలాపురమున అల్లర్లు చెలరేగినప్పుడు కోనసీమలో ఇంటర్నెట్టు దినములతరబడి నిలిపివేయబడెను. ఇండ్లలో కూర్చుండి కంపెనీల పనులు చేసికొనువారు సంకేతము దొరకు తావులు వెదకుకొని పోవలసివచ్చెను. తుపానులకును, వఱదలకును నెలవైన దేశము మనది. అట్టిచోట వల తెగినంతనే పాఠమాగిపోవు నేర్పాటును చేయువాడు, వఱదకాలమున లంకకు పడవ లేకుండ పెండ్లి ముహూర్తము పెట్టినవాడే. పాఠములును, పుస్తకములును బడిలోని యంత్రమునందే నిలువయుండి, వల యున్నప్పుడు దిద్దుబాట్లు చేరునట్లు యోచింపవలెను. ఇది సాధ్యమేగాని అసాధ్యము కాదు.

యోచించి చేసినవారు లేరా? కేరళదేశమున 2001లో ఐటీ యెట్ స్కూల్ అను పథక మారంభమైనది. వారు యంత్రములతోపాటు తమ బడిపంతుళ్ళనే నేర్పరులుగ తీర్చిదిద్దిరి. క్రమముగ ఉచిత సాఫ్ట్‌వేరునకు మాఱి, దానిని మలయాళమునకును తమ పాఠములకును అనుగుణముగ మలచుకొనిరి. ఆ పథకము 2017లో కైట్ అను స్థిరసంస్థగ మాఱెను. మఱుసటి యేడు విద్యార్థులే యంత్రములను నడపుట నేర్చుకొను సంఘములు బడులలో వెలసెను. అచ్చటను లోపము లుండవచ్చును. కాని పని తెలిసిన మనుష్యులు బడిలోనే మిగిలిరి. టెండరుతో వచ్చి టెండరుతో పోలేదు. భేదమంతయు నిందే యున్నది.

"ముందు యంత్రములు రానిండు, పిమ్మట యోచింతము, ఆలసించిన పిల్లలు వెనుకబడుదురు" అని తొందరపడువా రొకప్రక్క నున్నారు. నలువది యేండ్లుగ యంత్రములు ముందు వచ్చుచునే యున్నవి. ఆ "పిమ్మట" మాత్రము రాలేదు. "ఈ యంత్రములే వలదు, పిల్లలు చెడిపోదురు" అనువారు రెండవప్రక్క నున్నారు. వీరి యిండ్లలోని పిల్లలకు ఫోనును, కంప్యూటరును సమృద్ధిగ నున్నవి. లేనిది కూలివాని కూతురునకే. 1874లో వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టినప్పుడును ఆడపిల్లలు చెడిపోదురనియే యన్నారు. ఇంటికొక ట్యాబు వచ్చిన నది చాలయిండ్ల కొడుకు చేతికి పోవును, కూతురు వంటయింటికి పోవును. బడిలోని యంత్రము ముందు మాత్రమే ఆమెకును సమానమైన పీట దొరకును. ఆ పీటను తాళము వెనుక పెట్టుట పాపము. కాబట్టి మేము యంత్రమునకు శత్రువులము కాము, తాళమునకు శత్రువులము.

చదువరులారా! ఇది ప్రభుత్వముల పని, మనకేల యని యూరకుండకుడు. 1960 నాటి గ్రంథాలయ శాసనమునుబట్టి మీ యింటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయపు సుంకముగ మీరే చెల్లించుచున్నారు. బడికి తల్లిదండ్రుల సంఘమున్నది. ఆ సమావేశమునకు పోయి కూర్చుండి లేచి రాక, ఈ ప్రశ్నల నడుగుడు. ఈ యంత్రముతో ఏ తరగతివారు వారమునకు ఎన్నిగంటలు ఏ పని చేయుదురు? దీని బాధ్యత పేరుపెట్టి ఎవరి కప్పగించితిరి, వారికి శిక్షణ యిచ్చితిరా? యంత్రము వెలయెంతయో, అయిదేండ్లలో బాగుచేతకును, కరెంటునకును, శిక్షణకును అంత సొమ్ము వేఱుగ నుంచితిరా? తెలుగున వ్రాయుటయు వెదకుటయు దీనికి వచ్చునా? అమ్మినవాడు రేపు లేకపోయినను మన పాఠములును, పట్టికయు మనయొద్ద నుండునా? ఈ యైదింటికిని కాగితముపై ప్రత్యుత్తరము లేనిదే కొనుగోలునకు సమ్మతింపకుడు.

ఇట్లడిగినవారిని అభివృద్ధి నిరోధకులని కొందఱు నిందింతురు. నిందింపనిండు. చేటపెయ్యను ముందు నిలిపిన ఆవు పాలు చేపును గాని, చేటపెయ్య యెన్నటికిని పెరిగి యెద్దు గాదు. అలంకారముగ నిలిపిన యంత్రమును చూపి ఓట్లును, పొగడ్తలును పితుకుకొనవచ్చును. విద్య మాత్రము పెరుగదు. నిజమైన దూడయే కావలయునని యడుగు హక్కు, గడ్డియు కుడితియు పెట్టుచున్న మనకున్నది.